మాత్ర వేసుకుంటున్నప్పుడు మాటల వైద్యం కూడా ఎందుకు? అల్లూరు వైపు నుంచి అడిగిన చెల్లెలికి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యకి 42 ఏళ్ళు. రొయ్యల చెరువులో రెండు పంటలు వరసగా వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి పోయాక మనిషి ముడుచుకుపోయాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సయించదు, చెరువు వైపు పోవడమే మానేశాడు. నెల్లూరులో డాక్టరుకి చూపిస్తే కుంగుబాటు (డిప్రెషన్) అని ఎస్సిటాలోప్రామ్ మాత్ర 10 మిల్లీగ్రాములు రాశారు. ఐదు వారాలైంది. నిద్ర కొంత నయం, తక్కినదంతా అలాగే ఉంది. ఇప్పుడు ఆ డాక్టరే వారానికోసారి సైకాలజిస్టు దగ్గరికి కూడా వెళ్ళమన్నారు. మీరు అడిగినవి ఇవి: మాత్ర పనిచేయలేదనా ఇలా పంపుతున్నారు? "మాటలతో అప్పు తీరుద్దా?" అంటున్న అన్నయ్యకి ఏం చెప్పాలి? కౌన్సెలింగ్ మొదలుపెట్టాక మాత్ర ఆపేయొచ్చా? చివర్లో, ఈ జవాబు అన్నయ్యకి చూపించొచ్చా అని కూడా అడిగారు.

నేను 22 ఏళ్ళుగా ముందు ఒంగోలులో, తర్వాత నెల్లూరులో ఓపీ చూస్తున్న మానసిక వైద్యుణ్ణి. మీ అన్నయ్యని నేను చూడలేదు కాబట్టి మోతాదు సంగతి ఆయన డాక్టరు చెప్పిందే చెల్లుతుంది. తక్కినది నాకు తెలిసినంత చెబుతాను.

మాత్ర పనిచేయలేదని పంపడం లేదమ్మా. ఈ రకం మాత్రలు జ్వరం బిళ్ళలాగా పూటకి ఫలితం చూపించవు. మొదటి వారం పది రోజులు కనిపించేవి ఇబ్బందులే: కడుపులో తిప్పడం, తలనొప్పి, కొందరికి విరేచనాలు, కొందరికి అలజడి. రెండు నుంచి నాలుగు వారాల మధ్య నిద్ర, ఆకలి కదులుతాయి. మనసు తేలికపడటం వాటి వెనకాల వస్తుంది. సరైన మోతాదులో, ఒక్కరోజూ తప్పకుండా, నాలుగు నుంచి ఆరు వారాలు వాడాకే ఈ మందు పట్టిందో లేదో తేల్చాలి. ఐదో వారానికి నిద్ర నయమైందంటే అది మంచి కబురే. అయితే మొదటి మందుతో పూర్తిగా తేరుకునేవాళ్ళు సుమారు మూడో వంతు మందే. అమెరికాలో నాలుగు వేల మందికి పైగా రోగులతో చేసి 2006లో ఫలితాలు ప్రకటించిన స్టార్-డి అధ్యయనంలో తేలింది ఇదే. తక్కినవాళ్ళకి మోతాదు పెంచుతాం, మందు మారుస్తాం, లేదా మాటల వైద్యం జోడిస్తాం. మీ డాక్టరు ఈ మూడో దారి ముందు పట్టారు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఎందుకంటే ఆయన కష్టంలో సగం శరీరంలో ఉంది, సగం చెరువు గట్టు మీద ఉంది.

ఇందుకూరుపేట వైపు రైతు ఒకాయన నా దగ్గర వైద్యం చేయించుకున్నాడు. (ఇక్కడ చెప్పే మనుషుల వివరాలన్నీ గుర్తుపట్టకుండా మార్చాను.) ఆయనా ఇదే ప్రశ్న అడిగాడు. "ఏంది సార్, ఒకపక్క మాత్ర అంటారు, ఇంకోపక్క మాట్లాడమంటారు, ఏదో ఒకటి చెప్పండి." ఆరోజు నా జవాబు ఆయనకి ఎక్కలేదు. రెండు నెలల తర్వాత ఆయనే వచ్చి చెప్పాడు: "చెరువులో ఆక్సిజన్ పడిపోతే ముందు ఏరేటర్లు తిప్పుతాం గదా సార్. రొయ్య బతకాల గదా. అంతమాత్రాన అడుగు బాగయినట్టా? మేత ఎక్కువేసిందీ, అడుగున కుళ్ళు చేరిందీ తర్వాత చూసుకోవాల. ఏరేటర్ ఆపి అడుగు చూస్తానంటే కుదర్దు. ఏరేటర్ తిప్పి ఊరుకుంటే మళ్ళీ అదే గతి." అప్పటినుంచి నేను నా వివరణ మానేసి ఆయన మాటే అందరికీ చెబుతున్నాను.

ఇక "మాటలతో అప్పు తీరుద్దా" అన్నదానికి. తీరదు. ఆ మాట ఆయనకి సూటిగా ఒప్పుకోండి. సైకాలజిస్టు మేత షాపు బాకీ కట్టడు, బ్యాంకుకి వాయిదా చెప్పడు. అయితే ఈ జబ్బు మనిషిని అప్పు తీర్చే పనుల దగ్గరికే పోనివ్వదు. ఫోను మోగితే ఎత్తబుద్ధి కాదు. ఎత్తకపోతే మేత షాపతను ఇంటికే వస్తాడు. వస్తే సిగ్గు, సిగ్గుతో గదిలోంచి కదలడు. కదలకపోతే ఈ పంట కూడా పోయినట్టే అనిపిస్తుంది. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. మాటల వైద్యం అంటే ధైర్యం చెప్పడం కాదమ్మా. ధైర్యం చెప్పడానికి బంధువులు చాలు, వాళ్ళు ఇప్పటికే బోలెడు చెప్పుంటారు, దానివల్ల ఆయనకి ఇంకా చిన్నతనమే అనిపించుంటుంది. ఇది పని నేర్పే వైద్యం.

లోపల ఏం జరుగుతుందో ఒకరి సంగతి దగ్గరగా చెబుతాను. కనిగిరి వైపు నుంచి ఒకామె, యాభై దాటింది. తమ్ముడి అప్పుకి ఈమె హామీ సంతకం పెట్టింది. తమ్ముడు ఊరొదిలి పోయాడు, ఇల్లు తాకట్టులోకి పోయింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆర్నెల్లుగా "నరాల బలహీనత"కి సూదులు వేయించుకుంటోంది. మొదటి రోజు అడిగినదానికల్లా ఒకటే జవాబు, "ఏమో సార్". మాట కూడా బరువుగా, లోపలినుంచి లాక్కొచ్చినట్టు వచ్చేది. ఆ స్థితిలో ఆమెని సైకాలజిస్టు ముందు కూర్చోబెట్టినా లాభం లేదు. ముప్పావు గంట విని గుర్తుపెట్టుకునే శక్తే లేదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించి సెర్ట్రాలిన్ అనే ఇదే రకం మాత్ర మొదలుపెట్టాను. నాలుగో వారం ఆమె తనంతట తాను "ఆ ఫ్యాను చప్పుడేంది సార్" అంది. చుట్టుపక్కల ఏముందో ఆమెకి కనబడటం మొదలైందని అప్పుడు నాకు తెలిసింది. ఆ వారమే సైకాలజిస్టు దగ్గరికి పంపాను.

సైకాలజిస్టు ఆమెకి మనవడి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాయమని ఇచ్చిన పని ఒకటే. పొద్దున్నించి రాత్రిదాకా ఏం చేసిందో, ఆ సమయంలో మనసుకి పదికి ఎన్ని మార్కులో. ఆ పుస్తకం నేను చూశాను. మొదటి వారమంతా "పడుకున్నా – 2", "పడుకున్నా – 1", "పడుకున్నా – 2". రెండో వారం సైకాలజిస్టు ఒక చిన్న పని చేర్చారు: గడప కడిగి ముగ్గు వేయడం. చేయాలనిపించినా, అనిపించకపోయినా. "ముగ్గు – 3". మూడో వారం గురువారం నాడు, వంకర అక్షరాలతో, "పెద్దమ్మ ఇంటికి పోయి కూర్చున్నా – 5". ఐదు కింద రెండు గీతలు. "మనసు బాగయ్యాక పనులు చేద్దామనుకున్నా సార్, పని చేస్తేనే మనసు కదిలింది" అని ఆమే చూపించింది. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, దీని బలం మాత్రం తక్కువేమీ కాదు.

ఆ తర్వాతే అసలు ముల్లు దగ్గరికి వెళ్ళారు. "నా వల్లే ఇల్లు మునిగింది." 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా మానసిక వైద్యుడు గమనించింది ఇదే: కుంగుబాటులో ఉన్న మనిషికి ఇలాంటి వాక్యాలు వాటంతటవే వస్తుంటాయి, వచ్చినవన్నీ నిజమనే తోస్తాయి. సైకాలజిస్టు "నీ తప్పేం లేదమ్మా" అనలేదు. అంటే ఆమె నమ్మేది కాదు. కాగితం మీద గీత గీసి, సంతకం నాటికి నీకు తెలిసినవి ఏవి, తర్వాత తెలిసినవి ఏవి అని రెండు వరసల్లో రాయించారు. తమ్ముడికి జూదం ఉందన్నది రెండో వరసలో పడింది. ఆ కాగితం ముందు ఆమె చాలాసేపు ఏడ్చిందట. ఆరోజు నుంచి ఆమె మాట మారింది: "సంతకం పెట్టా, నిజమే. మోసం చేసింది మాత్రం నేను గాదు." ఏ మాత్రా ఈ వాక్యం రాయించలేదమ్మా. అలాగని మాత్ర లేకుండా ఆమె ఆ కాగితం దాకా రాగలిగేదీ కాదు.

మాటల వైద్యం మాత్రకి కూడా ఇంకో మేలు చేస్తుంది, అది పెద్దగా ఎవరూ చెప్పరు. సైకాలజిస్టు దగ్గరికి వారం వారం వెళ్ళే మనిషి మాత్ర తప్పడం తక్కువ. "లైంగికంగా ఇబ్బందిగా ఉంది, అందుకే మానేశా" లాంటి మాట డాక్టరుకి ఐదు నిమిషాల ఓపీలో చెప్పరు. ముప్పావు గంట కూర్చున్నచోట చెబుతారు. అది నాకు తెలిస్తే మందు మార్చగలను.

దీనికి రుజువులున్నాయా అంటే ఉన్నాయి. 2000 సంవత్సరంలో అమెరికాలో ఏళ్ళ తరబడి కుంగుబాటుతో ఉన్న 681 మందిని మూడు గుంపులు చేసి 12 వారాలు చూశారు. మందు ఒక్కటే ఇచ్చినచోట 48 శాతం మందికి, మాటల వైద్యం ఒక్కటే ఇచ్చినచోట 48 శాతం మందికి గుణం కనిపించింది. రెండూ కలిపినచోట 73 శాతం. అప్పుడు వాడిన నెఫజోడోన్ అనే మందు కాలేయానికి చేటని తర్వాత చాలా దేశాల్లో తీసేశారు కాబట్టి ఆ అంకెల్ని మీ అన్నయ్యకి అచ్చుగుద్దినట్టు అన్వయించకండి. దిశ మాత్రం ఆ తర్వాతి అధ్యయనాల్లోనూ అదే. మనకి ఇంకా దగ్గరిది గోవా. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లూ సైకాలజిస్టులూ కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి, పైన చెప్పిన ముగ్గు తరహా వైద్యమే చేయించారు. మూడు నెలలకి మామూలు వైద్యం అందినవాళ్ళలో 39 శాతం తేరుకుంటే, ఇది కూడా అందినవాళ్ళలో 64 శాతం తేరుకున్నారు. మానసిక వైద్యుడు విక్రం పటేల్ బృందం దీన్ని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. మన పల్లెల్లో ఇది కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అందరికీ రెండూ అవసరమా? కాదు. జబ్బు తేలికగా ఉంటే మాటల వైద్యం ఒక్కటే ముందు చేసి చూడొచ్చు. తీవ్రంగా ఉంటే రెండూ. తిండి మానేసి, చచ్చిపోవాలని ఉందంటూ, లేనివి వినిపిస్తున్నాయంటూ ఉంటే ముందు మందు, అవసరమైతే ఆసుపత్రిలో ఉంచడం. మీరు రాసినదాన్ని బట్టి మీ అన్నయ్యది రెండో తరగతి. ఇంకొకటి: ఎప్పుడైనా ఆయన వారాల తరబడి నిద్ర లేకున్నా హుషారుగా, పెద్ద పెద్ద ఖర్చులు చేస్తూ, ఆగకుండా మాట్లాడిన కాలం ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా? ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పండి. అది బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) అయితే ఈ మాత్ర ఒక్కటే వాడటం మంచిది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. బెంగళూరులో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన కుర్రాడికి నేను మందు రాసి "కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళు బాబూ" అన్నాను. అంతే. ఎవరి దగ్గరికో చెప్పలేదు, చీటీ మీద నాలుగు ముక్కలు రాసివ్వలేదు. అతను ఎవరో కౌన్సెలరు దగ్గరికి వెళ్ళాడు. మూడో నెలలో కాస్త తేరుకున్నాక ఆ కౌన్సెలరు "ఇక మందులతో పనిలేదు" అన్నాడట, కుర్రాడు ఆ రాత్రే ఆపేశాడు. నాలుగు రోజులకి తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు. జబ్బు తిరగబెట్టిందనుకుని, ఇక ఏదీ పనిచేయదనుకుని, ఎవరికీ చెప్పకుండా ఇరవై రోజులు గదిలో ఉన్నాడు. వాళ్ళమ్మ లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు ఒక్కసారిగా ఆపితే వచ్చే ఇబ్బంది. ఆ కౌన్సెలరుని నేను తప్పుపట్టలేను. రోగి ఏ మందు ఎన్నాళ్ళు వాడాలో నేనతనికి చెప్పనే లేదు. రెండు వైద్యాలు నడిచాయి, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియలేదు. కలిపి వైద్యం చేయడమంటే మనిషిని రెండు గుమ్మాలు ఎక్కించడమని నేను పొరబడ్డాను.

అప్పటినుంచి నా దగ్గర ప్రతివాళ్ళకీ ఒక రూళ్ళ పుస్తకం. ఎడమ పేజీ నాది: మందు పేరు, మోతాదు, మొదలెట్టిన తేదీ, ఎప్పటిదాకా ఆపకూడదో. కుడి పేజీ సైకాలజిస్టుది: ఈ వారం ఏ పని ఇచ్చారు, ఏమైనా ఆందోళన కలిగించే మాట వచ్చిందా. లోపలి రహస్యాలు అందులో రాయరు, రాయకూడదు. మీ డాక్టరు ఇలాంటిది పెట్టకపోతే మీరే పెట్టండి. పది రూపాయల పుస్తకం చాలు. ఇద్దరినీ ఫోన్లో ఒక్కసారి మాట్లాడుకోమని అడగండి, మొహమాటపడకండి.

మాత్ర ఆపే సంగతి: ఇప్పుడు కాదు. పూర్తిగా మామూలు మనిషయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు నడవాలి. ఇది రెండోసారో మూడోసారో అయితే ఇంకా ఎక్కువ కాలం. ఆపేటప్పుడు వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. "అలవాటైపోద్ది" అని ఊళ్ళో అంటారు. ఈ మాత్రకి కల్లు, సారాయిలాగా మోజు పుట్టదు, మోతాదు పెంచుకుంటూ పోవాలనీ అనిపించదు. అలవాటు భయం ఉన్నది ఆల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి నిద్ర మాత్రలకి. అవి చీటీలో ఉంటే ఎన్ని వారాలకో అడిగి తెలుసుకోండి. మందుల షాపులో సొంతంగా తెచ్చుకోవద్దు. ఒళ్ళు నొప్పులని ట్రమడాల్ వేసుకోవద్దు, ఈ మందుతో కలిస్తే ప్రమాదం. డైక్లోఫెనాక్ సూదులు మాటిమాటికీ వేయించుకున్నా కడుపులో రక్తస్రావం కావొచ్చు. ఆర్ఎంపీ దగ్గరికి పోయినా ఈ మాత్ర సంగతి చెప్పాలి. మద్యం తాగుతున్నాడా అన్నది మీరు రాయలేదు. తాగుతుంటే డాక్టరుకీ సైకాలజిస్టుకీ ఇద్దరికీ చెప్పండి, దాచిపెట్టి చేసే వైద్యం నిలబడదు.

సైకాలజిస్టుని ఎంచుకోవడంలో ఒక మాట. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉంటుంది, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మొత్తం ఎనిమిది నుంచి పదహారు సిట్టింగులు పట్టొచ్చు. వారం వారం నెల్లూరు రావడమంటే ఒక రోజు పోతుంది, బస్సు ఖర్చు, తోడు మనిషి. ఇద్దరి అపాయింట్‌మెంట్లూ ఒకే రోజు పెట్టమనండి. మొదటి మూడు నాలుగు ఎదురుగా కూర్చుని, తర్వాత వారం విడిచి వారం వీడియో కాల్‌లో కుదురుతుందేమో అడగండి. డబ్బు బొత్తిగా కుదరకపోతే నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలో చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. కసుమూరు దర్గాకి తీసుకెళ్ళాలని మీ అమ్మగారికి ఉందన్నారు. తీసుకెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. మాత్ర స్ట్రిప్ సంచిలో పెట్టుకుని వెళ్ళండి. నలుగురికీ తెలుస్తుందన్న భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత మా మీద ఉంది.

ఇప్పుడు చెప్పేది ఈ రోజే చేయండి. చెరువు షెడ్డులోనూ ఇంట్లోనూ ఉన్న పురుగుల మందులు, చెరువు మందులు వేరేవాళ్ళ ఇంటికి మార్చేయండి, తాళం వేస్తే చాలనుకోవద్దు. మాత్రలు పది, పదిహేను రోజులవి మాత్రమే తెచ్చి మీ దగ్గరో వదినగారి దగ్గరో ఉంచండి. తర్వాత, పక్కన కూర్చుని, "అన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని తిన్నగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగేవాళ్ళు లేకనే చాలామంది చెప్పరు. ఔనంటే, లేదా జవాబు చెప్పకుండా కళ్ళు తిప్పుకుంటే, ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. మందు మొదలెట్టిన తొలి వారాల్లో ఒంట్లో శక్తి ముందు వచ్చి మనసు వెనకబడే రోజులుంటాయి. ఇరవై ఐదేళ్ళ లోపు వాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త, కానీ ఏ వయసుకైనా కనిపెట్టుకుని ఉండాల్సిన సమయం అది.

అన్నయ్యకి చూపించొచ్చా అన్నారు. చూపించండి. ఇంత పొడుగు చదివే ఓపిక ఇప్పుడు ఉండకపోవచ్చు. ఇందుకూరుపేట రైతు ఏరేటర్ మాట ఒక్కటీ చదివి వినిపించండి. విన్నాక ఏమన్నాడో పుస్తకం మొదటి పేజీలో ఆయన మాటల్లోనే రాసి, సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళే రోజు పట్టుకెళ్ళండి.